సూపరింటెండెంట్ కాంట్రాక్టు మీద పబ్లిక్ హియరింగ్ అంట, వెళ్లాలా వద్దా? (న్యూజెర్సీ)

కొబ్బరాకు
మంగళవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది సెంట్రల్ జెర్సీలో ఒక టౌన్‌షిప్, ఊరి పేరు వద్దులెండి. ఇవాళ పిల్లాడి లంచ్ మెనూ కోసం స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ తెరిస్తే కింద మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఒక నోటీసు కనబడింది. సూపరింటెండెంట్ కాంట్రాక్టు మారుస్తున్నారట, దాని మీద పబ్లిక్ హియరింగ్ అట. పాత కాంట్రాక్టుకి ఇంకా రెండేళ్లు గడువుంది. దాన్ని కొట్టేసి కొత్తగా ఐదేళ్లది రాస్తారట. జీతం 2,31,000 డాలర్ల నుంచి 2,58,000.

మా ఆవిడ "మనకెందుకండీ, మనకి ఓటే లేదుగా" అంది. నిజమే, హెచ్1బీ మీద పదకొండో ఏడు నడుస్తోంది. కానీ ఇంటి పన్ను కిందటేడు 13 వేలు దాటింది, అందులో సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. డబ్బులు కట్టేవాడికి నోరుండకూడదా అని నా బాధ. ఎవరైనా ఇలాంటి హియరింగ్‌కి వెళ్లారా? వెళ్తే ఏం మాట్లాడాలి? వెర్రిబాగులోడిలా నిలబడతానేమోనని భయం కూడా ఉంది.

రెండోషిఫ్ట్
మంగళవారం, రాత్రి 9:58

2,58,000! మా డైరెక్టర్‌కి కూడా అంత లేదు బ్రో. స్కూల్లో పెన్సిళ్లు, టిష్యూ డబ్బాలు మన చేత కొనిపిస్తారు, ఈయనకి మాత్రం ఇది. వెళ్లి దులిపెయ్.

పెసరట్టు_ఉప్మా
మంగళవారం, రాత్రి 10:05

ఇంతకీ సూపరింటెండెంట్ అంటే ప్రిన్సిపలేనా? మేము వచ్చి ఆర్నెల్లే అయింది, తిట్టకండి.

చింతచిగురు
మంగళవారం, రాత్రి 10:21

తిట్టడమెందుకు తమ్ముడూ, నాకూ మొదట్లో తెలీదు. ప్రిన్సిపల్ ఒక బడికి. సూపరింటెండెంట్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న బడులన్నింటికీ. మన దగ్గర డీఈఓ అనుకో, కానీ తేడా ఏంటంటే ఇక్కడ ఆ మనిషిని ఎంచేది, జీతం ఖాయం చేసేది, కాంట్రాక్టు రాసేది ఊళ్లోవాళ్లు ఎన్నుకున్న స్కూల్ బోర్డు. మామూలుగా తొమ్మిది మంది. పైసా జీతం ఉండదు వాళ్లకి. మూడేళ్ల పదవి. సూపరింటెండెంట్‌ని పెట్టుకోవాలంటే మొత్తం సభ్యుల్లో సగం పైన, అంటే తొమ్మిదిలో ఐదుగురు, పేరుపేరునా ఓటు చెప్పాలి.

వెళ్లండి కొబ్బరాకు గారూ. ఓటు లేకపోయినా నోరుంది. బోర్డు మీటింగుల్లో జనం మాట్లాడ్డానికి కొంత సమయం ఇచ్చితీరాలని ఇక్కడి చట్టం. పేరు, ఏ ఊరో చెప్పమంటారు. పౌరసత్వం కాగితాలు ఎవరూ అడగరు.

పాతకాపు
బుధవారం, ఉదయం 6:50

1997 నుంచి ఈ రాష్ట్రంలోనే ఉన్నాను కాబట్టి పాత కథ కాస్త చెప్తాను. చెప్పకపోతే మళ్లీ ఎవరో ఒకరు "గవర్నర్ ఒక లిమిట్ పెడితే పోలా" అంటారు. అది కూడా అయిపోయింది ఇక్కడ.

మొదట్లో ఇక్కడి సూపరింటెండెంట్లకి టెన్యూర్ ఉండేది, కదపడం కష్టం. 1991లో చట్టం మార్చి కాంట్రాక్టు పద్ధతి తెచ్చారు. మూడేళ్లకు తగ్గకూడదు, ఐదేళ్లకు మించకూడదు. బోర్డుకి పగ్గాలు ఇచ్చామనుకున్నారు. అయితే బేరంలో ఒకవైపు వృత్తిలో పండిపోయిన మనిషి, ఆయనకో లాయరు. రెండోవైపు పగలు ఆఫీసులకెళ్లి రాత్రిపూట మీటింగులకొచ్చే తొమ్మిది మంది. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

2008లో కీన్స్‌బర్గ్ గొడవ వచ్చింది. మాన్మత్ కౌంటీలో చిన్న ఊరు, పేద డిస్ట్రిక్ట్, నడిచేది చాలావరకు రాష్ట్రం ఇచ్చే డబ్బుతో. రిటైరవుతున్న సూపరింటెండెంట్‌కి ఎప్పుడో రాసుకున్న కాంట్రాక్టు ప్రకారం సుమారు 7,40,000 డాలర్లు ముట్టాలని తేలింది. పెన్షన్ వేరే. వాడుకోని సెలవులు, చేసిన సర్వీసుకి లెక్కగట్టి ఇచ్చేది, అన్నీ కలిపి. పేపర్లలో కొన్ని నెలలు అదే. రాష్ట్రం అడ్డుపడింది, కోర్టుకెళ్లారు. సంతకం పెట్టిన రోజున ఆ లెక్క ఎవరైనా వేసుకున్నారా అన్నదే నాకు ఇప్పటికీ అనుమానం.

తర్వాత 2010 నవంబరులో పార్సిపనీ. గవర్నర్ క్రిస్టీ జీతాలకు పైకప్పు పెడతానని ప్రకటించేశాడు, ఇంకా అమల్లోకి రాలేదు. ఆ సందులో అక్కడి బోర్డు ఉన్న సూపరింటెండెంట్‌కి ఐదేళ్ల కొత్త కాంట్రాక్టు గబగబా ఒప్పేసుకుంది. ఏడాదికి సగటున 2,25,000 డాలర్ల చిల్లర. రాష్ట్రం తరఫున కౌంటీలో ఒక ఎగ్జిక్యూటివ్ సూపరింటెండెంట్ ఉంటారు, కాంట్రాక్టులు చూసి సరే అనాల్సింది వాళ్లే. సరే అనలేదు. క్రిస్టీ ఆ మనిషిని బహిరంగంగా పేరు పెట్టి ఏకిపారేశాడు.

2011 ఫిబ్రవరిలో కప్పు అమల్లోకి వచ్చింది. పిల్లల సంఖ్యని బట్టి జీతం. 250 మంది లోపైతే 1,25,000. అలా మెట్లు మెట్లుగా పెరిగి 6,500 నుంచి 10,000 మంది దాకా ఉంటే 1,75,000. అది అప్పటి గవర్నర్ జీతం. ఎడిసన్ లాగా 10 వేలు దాటిన డిస్ట్రిక్టులకి మాత్రం రాష్ట్ర విద్యా కమిషనర్ మినహాయింపు ఇవ్వొచ్చన్నారు. ఏం జరిగిందో సాయంత్రం చెప్తాను, ట్రైను వచ్చింది.

రెండోషిఫ్ట్
బుధవారం, ఉదయం 8:15

క్రిస్టీ చేసింది కరెక్టే అనిపిస్తోంది. గవర్నర్ కంటే ఎక్కువెందుకు?

లెక్కలపంతులు
బుధవారం, మధ్యాహ్నం 12:30

కొబ్బరాకు గారు చెప్పిన డిస్ట్రిక్ట్ ఎంత పెద్దదో చెబితే లెక్క వేస్తా.

కొబ్బరాకు
బుధవారం, మధ్యాహ్నం 12:44

పిల్లలు 9 వేలకు అటూ ఇటూగా. బడ్జెట్ 19 కోట్ల డాలర్లని వెబ్‌సైట్‌లో ఉంది. ఇళ్లు ఒక 13 వేలు ఉంటాయేమో.

లెక్కలపంతులు
బుధవారం, మధ్యాహ్నం 1:10

పెరిగేది 27,000. ఇంటికి ఏడాదికి రెండు డాలర్ల పైచిలుకు. బడ్జెట్‌లో చూస్తే ప్రతి 10 వేల డాలర్లకు డాలరున్నర కూడా కాదు. ఓక్ ట్రీ రోడ్డు మీద చాయ్ తాగి సమోసా తింటే అంతకంటే ఎక్కువవుతుంది. మీ పన్ను 13 వేలు దాటడానికి కారణం ఈయన జీతం మాత్రం కాదు. జీతాల బరువంతా టీచర్ల దగ్గర, హెల్త్ ఇన్స్యూరెన్స్ దగ్గర ఉంటుంది. కాబట్టి "మా పన్ను డబ్బు తినేస్తున్నారు" అని మాట్లాడితే, ఆ బోర్డులో లెక్క వచ్చినవాడు ఒక్కడున్నా మీకు నవ్వి ఊరుకుంటాడు.

రెండోషిఫ్ట్
బుధవారం, మధ్యాహ్నం 1:22

అంటే పన్ను తక్కువ పడుతుందని ఏదైనా ఇచ్చెయ్యొచ్చా మాస్టారూ? రెండు డాలర్లు చొప్పున అందరూ గీకితే?

లెక్కలపంతులు
బుధవారం, మధ్యాహ్నం 1:25

అలా అనలేదు నాయనా. వెతకాల్సింది అక్కడ కాదంటున్నా.

వరంగల్_టు_ఫ్రిస్కో
బుధవారం, సాయంత్రం 5:02

మా టెక్సస్ దిక్కు గూడ గిదే లొల్లి అన్నా. మా దగ్గర స్కూల్ డిస్ట్రిక్ట్‌ను ఐఎస్‌డీ అంటరు. సూపరింటెండెంట్‌కు కాంట్రాక్టు ఐదేండ్లు దాటొద్దు. మధ్యల పంపించాల్నంటే పైసలిచ్చి పంపుతరు. గని ఏడాది జీతం, బెనిఫిట్ల కంటే ఎక్కువ ఇస్తే ఆ పైన ఇచ్చినంత రాష్ట్రం ఇచ్చే సొమ్ముల కోత పడ్తది. ఇస్తే నీకే దెబ్బ అంటరు. మంచిగనే ఉన్నది కద?

ఇంకో ముచ్చట. కొత్తోళ్లను తెచ్చేటప్పుడు ఫైనలిస్టు పేరు బైట పెట్టి 21 రోజులు ఆగాలె. మన బోర్డులు ఏం చేస్తయంటే, ఒక్కని పేరే పెడ్తయి. లోన్ ఫైనలిస్ట్ అంటరు. గా ఒక్కడే పెండ్లికొడుకు, నీకు నచ్చిండా అని అడుగుడే మిగిలింది.

గని ఇది గూడ లేని కాడికి మేలు. హ్యూస్టన్‌ల 2023 జూన్‌ల రాష్ట్రమే డిస్ట్రిక్ట్‌ను చేతిలకు తీసుకున్నది. ఎన్నికైన బోర్డును పక్కన పెట్టి తన మనుషులను కూసోబెట్టింది, సూపరింటెండెంట్‌ను గూడ తనే తెచ్చింది. అప్పట్ల జీతం 3,80,000. మా బావమరిది ఆడనే ఉంటడు, సిటిజెన్. ఓటున్నది, ఎవలకెయ్యాలె?

పెసరట్టు_ఉప్మా
బుధవారం, సాయంత్రం 5:20

"గా ఒక్కడే పెండ్లికొడుకు" 😂

పాతకాపు
బుధవారం, రాత్రి 8:40

పొద్దున ఆపిన చోటి నుంచి. కప్పు వచ్చాక ఏమైందంటే, నడుస్తున్న కాంట్రాక్టు గడువు తీరేదాకా పాత జీతమే. తీరాక మాత్రం కప్పు కిందికి దిగాలి. కొందరికి ఏడాదికి 30, 40 వేలు తగ్గుతుంది. అందుకని గడువు దగ్గర పడగానే చాలామంది సర్దుకున్నారు. కొంతమంది ఇక్కడ రిటైరై పెన్షన్ తీసుకుంటూ నది దాటి పెన్సిల్వేనియాకో, న్యూయార్క్‌కో వెళ్లి మళ్లీ ఉద్యోగంలో చేరారు. న్యూయార్క్‌లో 2011లో కువోమో కూడా ఇలాంటి కప్పే పెట్టబోయాడు, అక్కడ శాసనసభలో గట్టెక్కలేదు. మనం ఎరువు వేసి పెంచిన చెట్టు పక్కింటి పెరట్లో కాయలు కాసింది.

రెండోది ఇంకా విడ్డూరం. కప్పు సూపరింటెండెంట్‌కి మాత్రమే. కింద ఉన్న అసిస్టెంట్ సూపరింటెండెంట్లకి, హైస్కూల్ ప్రిన్సిపళ్లకి లేదు. కొన్నిచోట్ల కింద పనిచేసేవాళ్ల జీతం పైన కూర్చున్నవాళ్లని దాటిపోయింది. ఇక పైకుర్చీకి ఎవరు ఎగబడతారు? కూర్చున్నవాళ్లలో కొందరు రిటైరై ఇంటరిమ్‌గా, అంటే తాత్కాలికంగా, వచ్చినవాళ్లు. మా డిస్ట్రిక్ట్‌లో నాలుగేళ్లలో ముగ్గురు మారారు. మా అమ్మాయి హైస్కూల్ చదువంతా ఆ ముగ్గురి కింద గడిచింది. ఒకాయన పొద్దున బెల్ టైమింగ్ మారిస్తే ఇంకొకాయన వెనక్కి మార్చాడు.

మూడోది, కప్పుకి ఒక కిటికీ ఉండేది. మెరిట్ బోనస్. లెక్కలో చూపించగల లక్ష్యాలు మూడు, ఒక్కోదానికి 3.33 శాతం. లెక్కకందనివి రెండు, ఒక్కోదానికి 2.5 శాతం. అన్నీ సాధిస్తే జీతం మీద 15 శాతానికి ఓ వెంట్రుకవాసి తక్కువ. 1,75,000 మీద 26 వేల పైచిలుకు. తనని పరీక్షించే ప్రశ్నపత్రం తయారీలో విద్యార్థి కూడా కూర్చుంటే ప్రశ్నలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

2017లో క్రిస్టీయే కాస్త సడలించి మెట్లు మూడుకి తగ్గించి, 3 వేల మంది పిల్లలు పైబడిన చోట 1,91,584 దాకా ఒప్పుకున్నాడు. 2019 జూలైలో తర్వాతి గవర్నర్ మర్ఫీ కప్పు పూర్తిగా తీసేసే చట్టం మీద సంతకం పెట్టాడు. కాబట్టి ఇప్పుడు ఎంతివ్వాలన్నది మళ్లీ ఊరి బోర్డు చేతిలోనే. కౌంటీ పరిశీలన ఉంది గానీ అంకె మీద గరిష్ఠం లేదు.

నా మటుకు కప్పు తీసెయ్యడం మంచిదే. అయితే బోర్డు చేతికి తాళం తిరిగొచ్చింది కదా, ఆ తాళం ఎవరు చూస్తున్నారు? నేనూ చూడలేదు, నిజం చెప్పాలంటే. ఇన్నేళ్లలో బోర్డు మీటింగుకి రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ మా అమ్మాయి అవార్డు తీసుకోడానికి.

రెండోషిఫ్ట్
బుధవారం, రాత్రి 9:05

కప్పు సరిగ్గా పెట్టలేదు కాబట్టి ఫెయిలైంది బాబాయ్. అందరికీ కలిపి పెట్టాల్సింది. పక్క రాష్ట్రాలతో మాట్లాడి పెట్టాల్సింది. అసలు ఈ రాష్ట్రంలో దాదాపు 600 డిస్ట్రిక్టులెందుకు? రెండు మైళ్లకో రాజు, రాజుకో ఖజానా. ఓ వంద చేస్తే 500 జీతాలు మిగులుతాయి.

పాతకాపు
బుధవారం, రాత్రి 9:14

ఆ మాట మటుకు నాకూ నచ్చింది. మా ఊరి బడి పక్క ఊరితో కలిపేస్తామంటే మాత్రం మా వీధి వీధంతా రోడ్డెక్కుతుంది, నాతో సహా. ఇంటి ధర పడిపోదూ?

రెండోషిఫ్ట్
బుధవారం, రాత్రి 9:16

😂😂 దొరికారు.

నిర్వాహకుడు
బుధవారం, రాత్రి 11:30

క్రిస్టీ, మర్ఫీల పార్టీల గురించి రాసిన మూడు పోస్టులు తీసేశాను. ఈ చర్చ స్కూలు కాంట్రాక్టు గురించి. దాని మీదే ఉందాం.

చింతచిగురు
గురువారం, మధ్యాహ్నం 2:15

నేను వేరే డిస్ట్రిక్ట్‌లో ఎనిమిదేళ్లు పారాగా పనిచేశాను (క్లాసులో టీచరుకి సాయం చేసే ఉద్యోగం). అక్కడ ఒక సూపరింటెండెంట్‌ని పంపడానికి పడ్డ పాట్లు దగ్గర్నుంచి చూశాను. అందుకే చెప్తున్నా, అంకెని వదిలెయ్యండి. కాంట్రాక్టు చదవండి.

ముందు కాపీ సంపాదించండి. ఓప్రా కింద అడగాలి (ప్రభుత్వ కాగితాలు అడిగి తీసుకునే చట్టం, మన ఆర్టీఐ లాంటిది). మామూలు కాగితాలకి ఏడు పనిదినాల గడువుంటుంది గానీ ఉద్యోగుల కాంట్రాక్టులు వెంటనే ఇవ్వాల్సిన జాబితాలో ఉన్నాయి. పాతదీ అడగండి, కొత్తదాని ముసాయిదా కూడా అడిగి చూడండి. రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

ఈ హియరింగ్ కూడా వాళ్ల దయ కాదు. 2007 చట్టం ప్రకారం నడుస్తున్న కాంట్రాక్టుని మార్చాలన్నా, పొడిగించాలన్నా 30 రోజుల ముందు జనానికి నోటీసివ్వాలి. హియరింగ్‌కి పది రోజుల ముందు ఇంకో నోటీసు. హియరింగ్ అయ్యేదాకా ఓటు వెయ్యకూడదు.

ఇప్పుడు అసలు సంగతి, ఇది కాస్త నిదానంగా చదవండి. ఇక్కడ కాంట్రాక్టు గడువు తీరిపోతే ఉద్యోగం దానంతటదే ఊడదు. "నిన్ను మళ్లీ పెట్టుకోవడం లేదు" అని బోర్డు ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అదే గడువుకి, అంటే ఐదేళ్లదైతే ఇంకో ఐదేళ్లకి, తనంతట తనే తిరగరాసుకున్నట్టు. ఎంత ముందు చెప్పాలి? కాంట్రాక్టులో ఎన్నేళ్లుంటే ఏడాదికి 30 రోజుల చొప్పున. ఐదేళ్లకి 150 రోజులు. కాంట్రాక్టులు మామూలుగా జూన్ 30తో ముగుస్తాయి. వెనక్కి లెక్కపెట్టండి. జనవరి 31.

మన బోర్డు ఎన్నికలు చాలాచోట్ల నవంబరులో. గెలిచినవాళ్లు కుర్చీలో కూర్చునేది జనవరి మొదటి వారంలో. అంటే ఆ ఆఖరి ఏడాది జనం కోపంతో బోర్డుని మార్చినా, కొత్తవాళ్ల చేతిలో ఉండేది మూడున్నర వారాలు. ఎవరు ఏ కమిటీయో, లాయరు ఎవరో తెలుసుకునేలోపు తేదీ దాటిపోతుంది. అదే మూడేళ్ల కాంట్రాక్టైతే 90 రోజులు, ఏప్రిల్ 1 దాకా సమయం ఉంటుంది.

మధ్యలో పంపాలన్నా అంతే. పరస్పరం ఒప్పుకుని ముందే తెంచుకుంటే మిగిలిన ప్రతి ఏడాదికి మూడు నెలల జీతం చొప్పున, మొత్తం మీద ఏడాదికి మించకుండా ఇవ్వొచ్చు. మొదటి ఏడాది తర్వాత తెంచుకుంటే ఐదేళ్లదానికి నాలుగేళ్లు మిగులుంటాయి. 2,58,000 చేతిలో పెట్టి దణ్ణం పెట్టాలి. మూడేళ్లదైతే అందులో సగం. మీరు 27 వేల గురించి నిద్ర మానుకుంటున్నారు, దాని పక్కనే ఇది కూర్చుని ఉంది.

లెక్కలపంతులు
గురువారం, మధ్యాహ్నం 2:40

జూన్ 30 ఏడాదిలో 181వ రోజు. 150 తీస్తే 31. సరిపోయింది. అమ్మా, నీకు నూటికి నూరు.

కొబ్బరాకు
గురువారం, రాత్రి 10:10

చింతచిగురు అక్కా, చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఓప్రా ఫారం నింపి పంపాను.

ఇదంతా భోజనాల దగ్గర చెబుతుంటే మా మామగారు విన్నారు. విజిటర్ వీసా మీద వచ్చారు, ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు, రాస్తున్నా:

"అయ్యా, నేను ముప్పై నాలుగేళ్లు జడ్పీ హైస్కూళ్లలో పనిచేశాను. మాకు జీతం అంటే పీఆర్సీ. ఒంగోల్లో అయినా పాడేరులో అయినా ఒకటే స్కేలు. డీఈఓ గారెవరో ఆర్డరొచ్చాక పేపర్లో చూసి తెలుసుకునేవాళ్లం. ఊరికి మాట లేదు, మాకూ లేదు. విద్యాహక్కు చట్టం వచ్చాక స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలు పెట్టారు, ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలన్నారు, మంచిదే. వాళ్లు మరుగుదొడ్డి గురించి, మధ్యాహ్న భోజనం గురించి అడగొచ్చు. ఎంఈఓని ఎందుకు మార్చారని అడగలేరు. మా మండలంలో ఎంఈఓ పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. నన్నే ఎఫ్‌ఏసీ, అంటే అదనపు బాధ్యత, చెయ్యమన్నారు. నా బడి చూసుకుంటూ ఇంకా నలభై చిల్లర బడులు. అలవెన్సు కోసం తిరిగిన తిరుగుళ్ల పెట్రోలు ఖర్చు ఆ అలవెన్సు కంటే ఎక్కువైంది. మీరు ఐదేళ్లు ఒకే మనిషి ఉంటాడని దిగులు పడుతున్నారు. ఐదేళ్లు ఒకే మనిషి ఉంటాడంటే మా దగ్గర కొబ్బరికాయ కొట్టేవాళ్లు. పిల్లకాయల చదువు ఆర్నెల్లకోసారి మారే ఆఫీసరుతో బాగుపడదు. ఆయన మంచివాడేనా కాదా, ముందు అది కనుక్కోండి. తర్వాత తేదీలు లెక్కపెడుదురు గాని."

వరంగల్_టు_ఫ్రిస్కో
గురువారం, రాత్రి 10:35

పెద్దసారుకు దండాలు. మా నాయిన గూడ సారే. ఎఫ్‌ఏసీ బాధ మా ఇంట్ల అందరికీ తెలుసు.

చింతచిగురు
గురువారం, రాత్రి 10:50

మాస్టారి మాట నిజం. మంచి మనిషైతే ఐదేళ్లు ఇవ్వాల్సిందే, వేరే డిస్ట్రిక్ట్ ఎగరేసుకుపోతుంది లేకపోతే. నేనూ కాదనను. కానీ మాస్టారూ, ఇంకా రెండేళ్లు చేతిలో ఉండగా ఇప్పుడే ఎందుకు కొట్టేసి రాస్తున్నారు? ఈ నవంబరులో బోర్డులో మూడు సీట్లకి ఎన్నికలు ఉన్నాయేమో కనుక్కోండి కొబ్బరాకు గారూ. ఉంటే జవాబు అందులోనే ఉండొచ్చు, ఉండకపోవచ్చు కూడా. అడగడం మీ వంతు.

కొబ్బరాకు
శుక్రవారం, ఉదయం 7:30

ఉన్నాయి. మూడు సీట్లు.

అద్దెఇల్లు
శుక్రవారం, ఉదయం 11:00

ఒక్క మాట. మా అపార్ట్‌మెంట్లలో ఉండే సగం మంది తెలుగువాళ్లకి "పన్ను కట్టేవాళ్లకే మాట్లాడే హక్కు" అనే ధోరణి చూస్తే ఒళ్లు మండుతుంది. అద్దెలో పన్ను లేదా? మా పిల్లలు ఆ బడికే పోవట్లేదా? కొబ్బరాకు గారిని అనడం లేదు, మొదటి పోస్టు చదివితే గుచ్చుకుంది, అంతే.

కొబ్బరాకు
శుక్రవారం, ఉదయం 11:20

మీరన్నది కరెక్ట్. ఆ వాక్యం తప్పుగా రాశాను. రెండేళ్ల కిందట దాకా నేనూ అద్దెలోనే ఉన్నాను, అప్పుడే మర్చిపోయాను చూడండి.

కొబ్బరాకు
(రెండు వారాల తర్వాత) గురువారం, రాత్రి 11:48

వెళ్లొచ్చాను. నిద్ర పట్టక రాస్తున్నా.

మిడిల్ స్కూల్ కెఫెటేరియాలో పెట్టారు. మడత బల్లలు గోడకి జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, నేల తుడిచిన మందు వాసన ఇంకా పోలేదు. జనం పదకొండు మంది. అందులో నలుగురు మార్చింగ్ బ్యాండ్ బస్సు రద్దు చేశారని గొడవకొచ్చినవాళ్లు, ఇద్దరు అవార్డు పిల్లల తల్లిదండ్రులు, ఫోటో దిగి వెళ్లిపోయారు. నాతో మా మామగారు వచ్చారు, పంచె వద్దంటే వినలేదు, పైన కోటు వేసుకున్నారు.

మాట్లాడ్డానికి మూడు నిమిషాలు. ఎదురుగా స్క్రీన్ మీద గడియారం వెనక్కి తిరుగుతుంటుంది. ఆకుపచ్చ, తర్వాత పసుపు, తర్వాత ఎరుపు. నేను రాసుకున్న కాగితం వణికింది. పేరు చెప్పాను, ఊరు చెప్పాను. జీతం సంగతి ఎత్తలేదు. మూడే అడిగాను. రెండేళ్లుండగా ఇప్పుడెందుకు? ఐదేళ్లకి వద్దనే నోటీసు తేదీ జనవరి 31 కదా, కొత్త బోర్డుకి ఎన్ని రోజులుంటాయి? వాడుకోని సెలవులకి డబ్బిచ్చే పద్దు పాత కాంట్రాక్టులో 10 రోజులుంటే కొత్తదాంట్లో 20 ఎందుకైంది? (ఈ మూడోది ఓప్రా కాగితాలు పక్కపక్కన పెడితే దొరికింది. అక్కా, మీ చలవే.)

సూపరింటెండెంట్ చివరి కుర్చీలో కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉన్నాడు. తల ఎత్తలేదు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద జాలేసింది. మనిషి ఎదురుగా ఉండగా అతని ఉద్యోగం గురించి అపరిచితుడు లేచి మాట్లాడటం చిన్న విషయం కాదు. మా వాడి స్కూల్లో రీడింగ్ టీచర్లని పెంచింది ఈయనే, అది కూడా చెప్పాను. చెప్పాలనిపించింది.

ఎవరూ జవాబివ్వలేదు. ఆ సమయంలో జవాబివ్వరట, "థాంక్యూ ఫర్ యువర్ కామెంట్" అంటారు. కానీ పెన్సిల్‌తో రాసుకుంటున్న ఒక పెద్దావిడ తలెత్తి "ఏ తేదీ అన్నారు?" అని మళ్లీ అడిగింది. చెప్పాను. ఆమె పక్కనున్న లాయర్ని చూసింది. ఆయన పేజీలు తిప్పి, కాసేపాగి తలూపాడు.

బయటికొచ్చాక మామగారు "గంట కొట్టే మనిషి లేడు గాని అచ్చం మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ లాగే ఉంది" అన్నారు.

రెండోషిఫ్ట్
శుక్రవారం, ఉదయం 8:02

బ్రో, జీతం గురించి ఒక్క మాట కూడా అనలేదా? సర్లే. గ్రేట్.

పెసరట్టు_ఉప్మా
శుక్రవారం, ఉదయం 8:30

ఓటు ఎప్పుడు?

కొబ్బరాకు
(ఇంకో రెండు వారాల తర్వాత) శుక్రవారం, ఉదయం 6:15

నిన్న రాత్రి ఓటు అయింది. ఐదుగురు అవును, ముగ్గురు కాదు. ఒకాయన భార్య ఇదే డిస్ట్రిక్ట్‌లో టీచరట, అందుకని ఆయన ఓటు నుంచి తప్పుకున్నాడు. ఒక్కరు అటు మారితే పడిపోయేది.

జీతం 2,58,000 అలాగే ఉంది. సెలవుల డబ్బు మళ్లీ 10 రోజులకి తెచ్చారు. ఐదేళ్లు కాస్తా నాలుగైంది, 2029 జూన్ 30 దాకా. ఎన్నికల ముందే ఎందుకన్నదానికి మాత్రం ఎవరూ పెదవి విప్పలేదు. నా వల్ల అయిందని చెప్పుకోను. ఆ పెన్సిలావిడ ముందునుంచీ నాలుగే అంటోందని పక్కనున్నాయన చెప్పాడు. ఆమె చివరికి కాదు అనే ఓటేసింది.

లెక్కలపంతులు
శుక్రవారం, ఉదయం 7:05

నాలుగు ముప్పైలు 120. 181 లోంచి తీస్తే 61వ రోజు. 2029 మార్చి 2. కొత్త బోర్డుకి దాదాపు రెండు నెలలు.

చింతచిగురు
శుక్రవారం, ఉదయం 9:40

ఫోన్లో ఇప్పుడే పెట్టుకోండి ఆ తేదీ. దానికో నెల ముందు ఇంకోటి. ఎవరూ గుర్తు చెయ్యరు.

కొబ్బరాకు
శుక్రవారం, ఉదయం 9:52

పెట్టాను అక్కా. గ్రీన్ కార్డు లైన్లో నా ప్రయారిటీ డేట్‌కి పెట్టుకున్న రిమైండరు దాని పక్కనే ఉంది. ఏది ముందు మోగుతుందో చూడాలి.